హాలుకీ ముఖద్వారానికీ మోల్డింగ్: ఏ పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి

మీరు అడిగింది ఇది: తొమ్మిది అడుగుల ఎత్తున్న హాలు. సీలింగ్ చుట్టూ కార్నిస్, కింద స్కర్టింగ్, లోపలి తలుపుల చుట్టూ పట్టీలు, ఒక పొడవాటి గోడకి ప్యానెల్ బీడింగ్ (సన్న పట్టీలతో గోడ మీద వేసే చట్రాలు) వేయాలి. ముఖద్వారం బయటి వైపు బోసిగా ఉంది కాబట్టి దాని చుట్టూ కూడా ఏదైనా చేయాలి. చెక్కా, ఎండీఎఫా (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక), పీవీసీనా (ప్లాస్టిక్) అన్నది తేలడం లేదు. ఇందులో ఎంతవరకు సొంతంగా చేసుకోవచ్చో కూడా తెలియాలి.

ఆఖరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. ప్యానెల్ బీడింగ్, స్కర్టింగ్, తలుపుల పట్టీలు ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా చేయగలరు. మంచి మైటర్ రంపం (కోణం పెట్టి కోసే రంపం), రసమట్టం, మూలమట్టం, కోణం కొలిచే పరికరం ఉంటే చాలు. కార్నిస్‌కి ఇంకో మనిషి తోడుండాలి, కొన్ని ముక్కలు పాడవుతాయని ముందే లెక్కలో వేసుకోవాలి. ముఖద్వారం బయటి పని మాత్రం వాన నీళ్లు ఎటు పోతాయో బాగా తెలిసిన మనిషి చేత చేయించండి. అక్కడ జరిగిన తప్పు ఆ రోజు కనిపించదు, చెక్క కుళ్లిన తర్వాతే కనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ పట్టీల్నే మోల్డింగ్ అంటారు. మోల్డింగ్ అందం దాని మీద ఎన్ని లతలు, పూలు చెక్కారన్న దాంట్లో లేదు. పట్టీ ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఇంకో పట్టీతో ఎలా కలిసింది అన్న దాంట్లో ఉంది. ఖరీదైన టేకు పట్టీలు వేయించుకున్న గదిలో కూడా "ఏదో కుదరలేదు" అనిపిస్తుంది ఒక్కోసారి. వెతికి చూస్తే ఆ కుదరనిది దాదాపు ప్రతిసారీ రెండు పట్టీలు కలిసే చోటే దొరుకుతుంది. స్కర్టింగ్ తలుపు పట్టీ కంటే ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. లేదా కార్నిస్ వచ్చి వచ్చి కర్టెన్ రాడ్ దగ్గర తెగిపోయినట్టు ఆగుతుంది. లేదంటే ప్యానెల్ బీడింగ్ స్విచ్‌బోర్డు మధ్యలోంచి పోతుంది. అందుకే మెటీరియల్ గురించి ఆలోచించే ముందు నాలుగు గోడల్నీ కాగితం మీద విడివిడిగా, కొలతలతో గీసుకోండి. తలుపులు, కిటికీలు, స్విచ్‌బోర్డులు, ఏసీ, కర్టెన్ రాడ్లు, గోడకి ఆనించే అల్మరాలు అన్నీ అందులో ఉండాలి. ఆ తర్వాత ప్రతి పట్టీనీ పెన్సిల్‌తో లాక్కుంటూ వెళ్లండి. పెన్సిల్ ఎక్కడ ఆగాల్సి వస్తుందో అక్కడ చుక్క పెట్టండి. ఆ చుక్కల దగ్గర ఏం చేయాలో తేలితే సగం పని అయినట్టే.

ఈ పట్టీలన్నీ మొదట అలంకారం కోసం పుట్టినవి కావు. స్కర్టింగ్ గోడకీ నేలకీ మధ్య సందు కప్పుతుంది, చీపురు, తడి గుడ్డ, కాళ్ల తాకిడి నుంచి ప్లాస్టర్‌ని కాపాడుతుంది. తలుపు పట్టీ ద్వారబంధానికీ ప్లాస్టర్‌కీ మధ్య పగులుని దాస్తుంది. నడుం ఎత్తులో వేసే చెయిర్ రెయిల్ కుర్చీ వీపులు గోడని గీకకుండా ఆపుతుంది. పైన ఉండే పిక్చర్ రెయిల్‌కి కొక్కేలు తగిలించి పటాలు వేలాడదీసేవారు, అలా ప్లాస్టర్‌లో మేకు కొట్టే పని ఉండేది కాదు. గోడా సీలింగూ కలిసే చోట వచ్చే సన్నటి పగులు కార్నిస్ వెనక దాగుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఏదైనా పట్టీ అక్కడ అవసరమా కాదా అని అనుమానం వచ్చినప్పుడు "ఇది ఏ సందుని కప్పుతోంది, దేన్ని కాపాడుతోంది" అని అడిగి చూడండి. జవాబు ఉన్న పట్టీ అక్కడ ఎప్పుడూ అతికినట్టు ఉంటుంది. ఏ జవాబూ లేని పట్టీల్ని తగ్గించుకుంటే గది తేలిగ్గా ఉంటుంది.

కలిసే చోట్ల గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే పని ఇక్కడే చెడుతుంది. స్కర్టింగ్ వచ్చి తలుపు పట్టీని తాకే చోట తలుపు పట్టీ మందం స్కర్టింగ్ మందం కంటే ఎక్కువ ఉండాలి, కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్లు. అప్పుడు స్కర్టింగ్ దాని పక్కన ఒదిగి ఆగుతుంది, కోసిన అంచు కనిపించదు. అంత మందం పట్టీ దొరక్కపోతే తలుపు పట్టీ కింద ప్లింత్ బ్లాక్ పెట్టండి. అంటే స్కర్టింగ్ కంటే కాస్త ఎత్తు, కాస్త ఎక్కువ మందం, పట్టీ కంటే కొంచెం వెడల్పు ఉన్న చదునైన దిమ్మ. పట్టీ దాని మీద కూర్చుంటుంది, స్కర్టింగ్ దాని పక్కకి ఆనుతుంది. రెండు వేర్వేరు ఆకారాలు ఒకదాన్నొకటి నేరుగా తాకే ఇబ్బంది ఉండదు. తుడిచేటప్పుడు తడి తగిలేది కూడా ఆ దిమ్మకే కాబట్టి, పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. ఇంత చిన్న దిమ్మ ఇంత పని చేస్తుందంటే నాకు చాలా ఇష్టం.

చెయిర్ రెయిల్ కిటికీ పట్టీ దగ్గరికి వచ్చినప్పుడు దీనికి ఉల్టా సమస్య వస్తుంది. సాధారణంగా రెయిలే ముందుకు ఉంటుంది. దాన్ని అలాగే కోసి వదిలేస్తే చెక్క కోసిన ముఖం కనిపిస్తూ మొండిగా ఉంటుంది. ఇలాంటి చోట రిటర్న్ వేయాలి. పట్టీ చివర 45 డిగ్రీలకి కోసి, అదే పట్టీలోంచి చిన్న త్రికోణపు ముక్క కోసి, దాన్ని గోడ వైపు తిప్పి జిగురుతో అతికించాలి. అప్పుడు పట్టీ ఆకారం చివర్లో మలుపు తిరిగి గోడలోకి వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది. మెట్ల దగ్గరో, తలుపు లేని ఓపెనింగ్ దగ్గరో కార్నిస్ ఆగిపోవాల్సి వస్తే అక్కడా ఇదే పద్ధతి. ఆ త్రికోణపు ముక్క చాలా చిన్నది, దానికి మేకు కొడితే చీలిపోతుంది. జిగురు రాసి ఆరేదాకా మాస్కింగ్ టేపుతో పట్టి ఉంచితే చాలు.

ఇక సైజులు. తొమ్మిది అడుగులంటే 108 అంగుళాలు. ఈ ఎత్తుకి స్కర్టింగ్ 5 నుంచి 6 అంగుళాలు, తలుపు పట్టీ 3 నుంచి 3½ అంగుళాలు, కార్నిస్ 4 అంగుళాలకి అటూ ఇటూ బాగుంటాయి. తలుపు పట్టీకి స్కర్టింగ్ కంటే వెడల్పు తక్కువగా, మందం ఎక్కువగా ఉండాలన్నది గుర్తుంచుకోండి. ఎనిమిది అడుగుల గదిలో ఇవే సైజులు వేస్తే సీలింగ్ నెత్తి మీదకి దిగినట్టు ఉంటుంది. అలాంటి గదుల్లో కార్నిస్ 3 అంగుళాలకి తగ్గించి, దానికి సీలింగ్ రంగే వేస్తాను. చెయిర్ రెయిల్ గోడ ఎత్తులో మూడో వంతు దగ్గర, లేదా అంతకంటే కొంచెం కింద పెట్టండి. మీ గదికి 32 నుంచి 36 అంగుళాలు. సగం ఎత్తులో మాత్రం వద్దు. గోడ రెండు సమాన ముక్కలైపోయి, ఏది ముఖ్యమో తెలియక కన్ను అక్కడే ఆగిపోతుంది.

ఆకారం ఎంచుకునేటప్పుడు ముక్కని చేతిలో పట్టుకుని చూడకండి. అది ఉండబోయే ఎత్తులో గోడకి ఆనించి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా చూడండి. తెల్ల రంగు వేసిన పట్టీలో మనకి కనిపించేది నీడే. లోతైన గాడి సన్నటి నల్ల గీత ఇస్తుంది, ఉబ్బెత్తు భాగం వెలుగు నుంచి నీడలోకి మెల్లగా జారుతుంది, పలకగా ఉన్న మెట్టు పదునైన అంచు ఇస్తుంది. పాత కాలపు గ్రీకు మోల్డింగ్‌ల వంపులు దీర్ఘవృత్తం లాంటి మారే వంపులు, రోమన్లవి కంపాస్‌తో గీసిన వృత్త ఖండాలు. పక్కపక్కన పెట్టి చూస్తే గ్రీకు వంపు మీద నీడ మృదువుగా మారుతుంది, రోమన్ వంపు కాస్త బరువుగా, స్పష్టంగా ఉంటుంది. మీరు ఏదైనా ఎంచుకోండి, కానీ ఇంటి మొత్తానికి ఒకే కుటుంబంలోంచి తీసుకోండి. వంపుల కార్నిస్ కింద పలకల స్కర్టింగ్ వేస్తే రెండూ విడివిడిగా ఎంత బాగున్నా కలవవు. లోతు లేని పల్చటి గాడులున్న పట్టీలు నేను వాడను, రెండు పూతలు రంగు వేసేసరికి గాడులు పూడిపోతాయి.

ప్యానెల్ బీడింగ్ లెక్క తేలిక. గోడ పొడవులోంచి ఖాళీల మొత్తాన్ని తీసేసి, వచ్చిన దాన్ని ప్యానెళ్ల సంఖ్యతో భాగించాలి. ఖాళీలు ఎప్పుడూ ప్యానెళ్ల కంటే ఒకటి ఎక్కువ. ఉదాహరణకి గోడ 144 అంగుళాలు, ప్యానెళ్లు 5, ఖాళీ 4 అంగుళాలు అనుకోండి. ఆరు ఖాళీలకి 24 పోతే 120 మిగులుతుంది, ఒక్కో ప్యానెల్ బయటి కొలత 24 అంగుళాలు. లెక్క కుదిరింది కదా అని వెంటనే కోయకండి. మాస్కింగ్ టేపుతో గోడ మీద ఆ ప్యానెళ్లన్నీ అతికించి రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. సోఫా జరిపి చూడండి, సాయంత్రం లైట్లు వేసి చూడండి. స్విచ్‌బోర్డు ప్యానెల్ గీత మీద పడుతోందా? అయితే ప్యానెళ్ల సంఖ్య మార్చండి, లేదా ఖాళీ అర అంగుళం అటూ ఇటూ చేయండి. బోర్డు పూర్తిగా ప్యానెల్ లోపలైనా ఉండాలి, పూర్తిగా ఖాళీలోనైనా ఉండాలి. ఏ విధంగానూ కుదరకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు జరిపించడమే మంచిది. బీడింగ్‌ని బోర్డు చుట్టూ తొలిచి వేస్తే ఆ గోడ మీద అందరి కన్నూ అక్కడికే పోతుంది.

మెటీరియల్ విషయంలో నా అభిప్రాయం ఇలా ఉంటుంది. హాలు లోపల రంగు వేసే పనికి ఎండీఎఫ్ చాలా మంచిది. ముడులు ఉండవు, మెలి తిరగదు, నున్నగా వస్తుంది. దాని శత్రువు నీళ్లు. ఒకసారి తడి పీల్చి ఉబ్బిందంటే మళ్లీ మామూలు రూపానికి రాదు. అందుకే తడి గుడ్డతో రోజూ తుడిచే నేల దగ్గర, బాత్రూమ్ గుమ్మం దగ్గర ఎండీఎఫ్ స్కర్టింగ్ వద్దంటాను, అక్కడ పీవీసీ వేయండి. పీవీసీ చెమ్మకి, చెదలకి లొంగదు కానీ వేడికి సాగుతుంది. మూడు మీటర్ల ముక్క 20 డిగ్రీల తేడాకి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది, తగ్గుతుంది. చల్లటి వేళ బిగుతుగా ఇరికిస్తే ఎండ వేళ ఉబ్బి లేస్తుంది. చెక్క అందం చెక్కదే. పాలిష్ వేసి చెక్క మీది సహజమైన గీతలు కనిపించాలనుకుంటే ఇంకోటి సాటి రాదు. రంగే వేయబోతుంటే మాత్రం ఖరీదైన చెక్క మీద డబ్బు పెట్టనక్కర్లేదు. ముడులున్న పైన్ మీద రంగు వేస్తే కొన్నాళ్లకి ముడి లోపలి జిగట రంగులోంచి పసుపుగా బయటికి వస్తుంది, ముందే దానికి తగిన సీలర్ వేయాలి.

కార్నిస్‌కి పాలీయురేథేన్ (గట్టి నురుగు) తేలిగ్గా ఉంటుంది, ఒక్కరే ఎత్తగలరు, ఆకారాలు కూడా పదునుగా వస్తాయి. థర్మోకోల్ లాంటి పాలీస్టైరీన్ పట్టీలు అన్నింటికంటే తేలిక, కానీ గోరు తగిలితే సొట్ట పడుతుంది. సాల్వెంట్ ఉన్న జిగురు రాస్తే కరిగిపోతుంది, దానికి తగిన నీటి ఆధారిత జిగురే వాడాలి. పొయ్యి దగ్గర, దీపాల దగ్గర నురుగు పట్టీలు అసలు వద్దు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కార్నిస్ బరువు, దుమ్ము, పనితనం అన్నీ ఎక్కువే. కానీ మంచి మేస్త్రీ చేతిలో అతుకు అనేదే కనిపించకుండా వస్తుంది.

చెక్క గురించి ఇంకో మాట. చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం గాలిలోని తేమకి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వెడల్పాటి చెక్క పట్టీల్ని తలుపు మూలల్లో 45 డిగ్రీల కోతతో కలిపితే, చెక్క ఎండినప్పుడు లోపలి మూల దగ్గర సందు తెరుచుకుంటుంది. ఇది పనివాడి లోపం కాదు, చెక్క స్వభావం. పట్టీ 4 అంగుళాలు దాటితే నేను 45 డిగ్రీల కోత మానేసి, నిలువు పట్టీల మీద అడ్డపట్టీ చదునుగా కూర్చునేలా చేస్తాను. అడ్డపట్టీ కొంచెం మందంగా, రెండు వైపులా అర అంగుళం బయటికి ఉంటే ఆ అతుకు కదిలినా కనిపించదు. ఏ చెక్కైనా తెచ్చిన రోజే వేయకండి. అదే గదిలో రెండు మూడు రోజులు చదునుగా పరిచి ఉంచండి, గది గాలికి అలవాటు పడుతుంది.

పని మొదలుపెట్టే ముందు గోడ చూసుకోవాలి. చెమ్మ మరకలు, ఉప్పు పొంగడం ఉంటే పట్టీ దాన్ని దాస్తుందే గానీ ఆపదు. లోపల్లోపల కుళ్లిస్తుంది, చెక్కయితే చెదలకి పిలుపే. ముందు చెమ్మకి కారణం వెతికి సరిచేయాలి. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే పొడవాటి చదును బద్ద ఆనించి చూసి, పల్లాలు లప్పంతో నింపండి. నేల వాలుగా ఉంటే స్కర్టింగ్ పై అంచుని రసమట్టంతో సమంగా పెట్టి, కింది అంచుని నేలకి తగ్గట్టు గీసి చెక్కాలి. నేలతో పాటు స్కర్టింగ్ వాలిపోతే పైన ప్యానెళ్ల గీతలు దాన్ని బయటపెడతాయి.

కోతల్లో ఒక నిజం ముందే ఒప్పుకోవాలి. ఏ గది మూలా కచ్చితంగా 90 డిగ్రీలు ఉండదు. బయటికి పొడుచుకొచ్చిన మూలల్లో కోణం కొలిచి, దాంట్లో సగాన్ని 90లోంచి తీసేస్తే రంపం మీద పెట్టాల్సిన కోణం వస్తుంది. మూల 92 వస్తే రంపం 44, 88 వస్తే 46. లోపలి మూలల్లో అసలు రెండు వైపులా 45 కోయకపోవడమే మేలు. మొదటి పట్టీని మూలదాకా 90 డిగ్రీలకి సూటిగా కోసి పెట్టండి. రెండో పట్టీని ముందు 45కి కోయండి. అప్పుడు దాని ముందు వైపు ఆకారం గీతలా తేలుతుంది. ఆ గీత వెంట సన్నటి కోపింగ్ రంపంతో, వెనక్కి కాస్త వాలుగా తొలచండి. ఆ ముక్క వెళ్లి మొదటి పట్టీ మీద చేతికి తొడుగు తొడిగినట్టు కూర్చుంటుంది. మూల రెండు డిగ్రీలు తేడాగా ఉన్నా సందు కనిపించదు, తర్వాత చెక్క కాస్త కదిలినా తెరుచుకోదు. మొదటి రెండు మూడు కోతలు చేయి తిరగడానికే పోతాయి, వాటికి ముక్కలు పక్కన పెట్టుకోండి. మొత్తం పొడవుకి పది నుంచి పదిహేను శాతం ఎక్కువ కొనమనేది అందుకే.

గోడ పొడవు పట్టీ కంటే ఎక్కువైతే రెండు ముక్కల్ని మొండిగా ఆనించకండి. రెండింటినీ ఒకే దిశలో వాలుగా కోసి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా జిగురుతో కలపండి. ఆ అతుకు తలుపులోంచి లోపలికి వచ్చేవాళ్ల చూపుకి ఎదురుగా తెరుచుకోకుండా ఉండాలి. అంటే పైన ఉండే ముక్క మనిషి వచ్చే వైపు నుంచి రావాలి.

కార్నిస్ కోత చాలామందికి టెన్షన్ పెడుతుంది. కార్నిస్ గోడకీ సీలింగ్‌కీ మధ్య ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, దాన్ని రంపం మీద తలకిందులుగా, గోడలో ఎలా ఉంటుందో అదే వాలులో ఆనించి కోస్తే మామూలు 45 సరిపోతుంది. రంపం పీఠాన్ని సీలింగ్ అనుకోండి, వెనక పట్టీ ఆనే పలకని గోడ అనుకోండి. వెడల్పు ఎక్కువై అలా ఆనకపోతే పట్టీని చదునుగా పడుకోబెట్టి, రంపాన్ని పక్కకి తిప్పి, బ్లేడుని వాలుగా కూడా వంచి కోయాలి. గోడతో 38 డిగ్రీల వాలున్న కార్నిస్‌కి, మూల 90 డిగ్రీలైతే, రంపం పక్కకి తిప్పేది 31.6, బ్లేడు వంచేది 33.9 డిగ్రీలు. 45 డిగ్రీల వాలు పట్టీకి 35.3, 30. మీ పట్టీ ఏ వాలుదో కొనేటప్పుడే అడిగి తెలుసుకోండి, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి.

బిగించడం గోడని బట్టి ఉంటుంది. చెక్క చట్రం మీద బోర్డు ఉన్న గోడలైతే లోపలి నిలువు బద్దలు సాధారణంగా 16 లేదా 24 అంగుళాల దూరంలో ఉంటాయి. వాటిని వెతికి సన్న తల మేకులు అక్కడే కొట్టాలి, ఒట్టి బోర్డుకి కొట్టినవి నిలవవు. ఇటుక, కాంక్రీటు గోడలకి మేకు కొడితే ప్లాస్టర్ రాలుతుంది. రంధ్రం వేసి ప్లగ్గు, స్క్రూ పెట్టి తలని లోపలికి దించి లప్పం పెట్టండి. తేలికపాటి బీడింగ్‌కైతే కన్‌స్ట్రక్షన్ జిగురు చాలు, ఆరేదాకా టేపుతో పట్టాలి. స్విచ్‌బోర్డుల నిలువు దారిలో, నీళ్ల పైపులున్న గోడల్లో డ్రిల్ చేసే ముందు వైరు, పైపు ఎటు పోతున్నాయో తప్పకుండా చూసుకోండి. తలుపు పట్టీని ద్వారబంధం అంచుకి సరిగ్గా సమంగా పెట్టకుండా ఐదారు మిల్లీమీటర్లు వెనక్కి పెట్టండి. ఆ సన్నటి మెట్టు వల్ల కీలుకి చోటుంటుంది, బంధంలోని చిన్న వంకర కూడా కంటికి ఆనదు.

రంగు దగ్గర రెండే సంగతులు. సందులు నింపడానికి రంగు పట్టే యాక్రిలిక్ కాక్ వాడండి, సిలికాన్ వద్దు. సిలికాన్ మీద రంగు నిలవదు, ఒకసారి రాశాక పూర్తిగా గీకి తీయడమూ కష్టమే. రెండోది, ఎండీఎఫ్ కోసిన అంచులు రంగుని స్పాంజిలా పీలుస్తాయి. వాటికి ముందు ప్రైమర్ వేసి, ఆరాక 220 నంబరు సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్ది, మళ్లీ ప్రైమర్ వేయాలి. పట్టీలకి గోడ కంటే కాస్త మెరుపున్న పెయింట్ వేస్తే తుడవడం సులువు, నీడలు కూడా తేలతాయి. ఎండీఎఫ్ దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, కోసేటప్పుడు మంచి మాస్కు పెట్టుకుని, వీలైతే ఆరుబయట కోయండి. పాత ఇంట్లో పాత రంగుని పొడిగా రుద్దకండి. అందులో సీసం ఉండే అవకాశం ఉంది, ముందు పరీక్ష చేయించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ విషయంలో అసలు రాజీ పడకండి.

ఇప్పుడు ముఖద్వారం. లోపలి వైపు పట్టీ మిగతా తలుపుల పట్టీల కుటుంబమే అయినా, ఒక మెట్టు పెద్దగా ఉండాలి. మిగతావి 3 అంగుళాలైతే ఇది 4½, పైన అడ్డపట్టీ మీద చిన్న కార్నిస్. లోపలికి వచ్చేవాళ్లకి ఇది ముఖ్యమైన తలుపు అని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

బయటి వైపు సంప్రదాయ రూపంలో రెండు పక్కలా గోడకి అతికిన పల్చటి స్తంభాలు, వాటి మీద దూలంలాంటి పట్టీ, ఆపైన కార్నిస్ లేదా త్రికోణపు శిఖరం ఉంటాయి. ఇటలీ వాస్తుశిల్పి విన్యోలా 1562లో ఇచ్చిన కొలతల ప్రకారం స్తంభం మీద ఉండే భాగం ఎత్తు, స్తంభం ఎత్తులో నాలుగో వంతు. ఏడు అడుగుల తలుపుకి ఆ లెక్క వేస్తే పైభాగమే 21 అంగుళాలు వస్తుంది. పెద్ద భవంతికి అది హుందాగా ఉంటుంది గానీ, మామూలు ఇంటి తలుపు మీద మోయలేని బరువులా ఉంటుంది. నేనైతే 10 నుంచి 12 అంగుళాల మధ్య ఆపుతాను. స్తంభం అడుగున దిమ్మ, పైన తల తప్పకుండా ఉండాలి. అవి లేకుండా గాడులున్న పలకని ఊరికే నిలబెడితే, మొదట్లో చెప్పినట్టు, మొదలూ చివరా లేని పట్టీ అయిపోతుంది.

అందం కంటే ముందు ఇక్కడ నీళ్ల సంగతి చూడాలి. ముందుకు వచ్చే ప్రతి అంచు పైభాగం బయటికి వాలుగా ఉండాలి, కింది వైపు ముందు అంచుకి దగ్గరగా సన్నటి గాడి తీయాలి. నీటి చుక్క ఆ గాడి దాటి గోడ వైపు పాకలేక అక్కడే రాలిపోతుంది. అన్నింటికంటే పైనున్న పట్టీ మీద లోహపు రేకు వేసి, దాని వెనక అంచుని గోడ పూత లోపలికి ఎక్కించాలి. ఆ రేకు కింది అంచుని కాక్‌తో మూసేయడం చాలాచోట్ల చూస్తాను. అది చేయొద్దు. లోపలికి ఎలాగో చేరిన నీళ్లు బయటికి రావడానికి ఉన్న దారి అదొక్కటే. స్తంభాల అడుగు నేలకి ఆనకుండా 6 నుంచి 10 మిల్లీమీటర్ల సందు ఉంచండి, లేదంటే చెక్క కోసిన అడుగు ముఖం కింద నిలిచిన నీటిని పైకి పీలుస్తుంది. చెక్కయితే వెనక వైపుతో సహా ఆరు ముఖాలకీ ప్రైమర్ బిగించకముందే వేయాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ లేదా గాల్వనైజ్డ్ స్క్రూలే వాడండి. ఓక్, సెడార్ లాంటి చెక్కల్లో మామూలు ఇనుప మేకు కొడితే చుట్టూ నల్ల మరక దిగుతుంది.

బయటికి లోపలి రకం ఎండీఎఫ్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పీవీసీ లేదా పాలీయురేథేన్ నయం. ఎండ నేరుగా పడే తలుపైతే పీవీసీకి ముదురు రంగు వేయకండి, వేడి పీల్చి వంకర పోతుంది. తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా, దారి ఇరుకవుతోందా, కాలింగ్ బెల్, లైటు, ఇంటి నంబరు ఎక్కడికి వస్తాయి అన్నవి స్తంభాల వెడల్పు ఖాయం చేసే ముందే చూసుకోండి. లైటుని స్తంభం మీద కాకుండా పక్క గోడ మీద పెడితే నీడలు పక్కనుంచి పడి, రాత్రి కూడా ఆకారం తెలుస్తుంది.

వరస ఇలా పెట్టుకోండి: గోడ మరమ్మతు, కార్నిస్, తలుపు పట్టీలు, ప్యానెల్ బీడింగ్, ఆఖరున స్కర్టింగ్. ముఖద్వారం బయటి పని వాన లేని రోజుల్లో విడిగా చేయించండి. పట్టీలన్నీ ఒకేసారి, ఒకే లాట్‌లోంచి కొనండి. ఒకే పేరున్న డిజైన్ కూడా వేరే లాట్‌లో మిల్లీమీటరు తేడాతో రావచ్చు, ఆ తేడా అతుకు దగ్గర చేతికి తగులుతుంది. ఒక్కో రకంలో ఒక పొడవాటి ముక్క మిగుల్చుకుని, వెనక డిజైన్ నంబరు రాసి దాచండి. గోడల కొలతలు, స్విచ్‌బోర్డులు ఎక్కడున్నాయో గీసిన బొమ్మ, మీరు చూసిన కార్నిస్ వాలు ఎంతో ఇక్కడ పెడితే ప్యానెళ్ల లెక్క, కోత కోణాలు నేనే వేసి చెప్తాను.